చెప్పుతో చెరిపిన గది

కట్టిన గదిని పడగొట్టాలంటే గడ్డపార కావాలి, కూలీలు కావాలి. నేను కట్టకముందే ఒక గదిని పడగొట్టాను. అదీ పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, అరిగిపోయిన చెప్పుతో. ఇంతటి ఘనకార్యం చేసినవాడు కర్నూలు నుంచి కడప దాకా మరొకడు ఉండడని నా నమ్మకం. ఉంటే దయచేసి మా ఇంటికి రండి. హాల్లో కూర్చుని ఇద్దరం ఏడుద్దాం, స్థలం బోలెడుంది.

నేను లెక్కల మాస్టారిని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వడానికి పనికొస్తుంది.

కర్నూలు శివార్లలో మాకు మూడు సెంట్ల స్థలం ఉంది. ఇంజనీరు గీసిన ప్లాన్లో హాలు, రెండు పడగ్గదులు, వంటిల్లు, ముందువైపు రోడ్డు మీదికి వాకిలి ఉన్న ఒక ఎనిమిదడుగుల గది. ఆ చిన్న గది మా ఆవిడ పద్మది. తను జాకెట్లు కుడుతుంది. అద్దె ఇంట్లో పదకొండేళ్లు వంటింటి తలుపు వెనకే మిషను పెట్టుకుంది. కొలతలకొచ్చిన ఆడవాళ్లు తిరగమోత ఘాటుకు దగ్గుకుంటూ నిలబడేవాళ్లు. ప్లాను చూసిన రోజు పద్మ అన్నది ఒకటే మాట.

"నాకు ఈ రూమొకటి సాలు. మిగిలిందంతా మీ ఇష్టం."

ఇంత తక్కువ అడిగే భార్య ఎవరికుంటుందని నేను పొంగిపోయాను.

ముగ్గు పోసే రోజు వచ్చింది. అంటే ప్లాన్లోని గోడల్ని మేస్త్రి సున్నం పొడితో నేల మీద గీస్తాడు, తర్వాత గీతల వెంబడి పునాది తవ్వుతారు. ఖాసీం మేస్త్రి దారం కట్టి ముచ్చటగా గీశాడు. పద్మ మధ్యాహ్నం అన్నం తెస్తానంది. నాకు తోడుగా మా అక్క మొగుడు వచ్చాడు. జీవితంలో ఇల్లు కట్టని మనిషి కాబట్టి సలహాలకు కొదవ లేదు.

కాగితం మీద దర్జాగా కనిపించిన హాలు నేల మీద మేకల దొడ్డిలా ఉంది. బావ పడగ్గది గీతల మధ్య వెల్లకిలా పడుకుని, తల ఒక గోడకు, కాళ్లు ఇంకో గోడకు తగులుతాయని తీర్పు చెప్పాడు. లేచి హాల్లోకి వచ్చి, తలుపు ఉండాల్సిన చోటు వదిలేసి గోడలోంచి నడుచుకుంటూ, అసలు మాట అన్నాడు.

"పదిమంది వస్తే యాడ కూర్చోబెడతావప్పా?"

మా ఇంటికి పదిమంది ఎప్పుడూ రాలేదు. అయినా ఆ పదిమంది నా కళ్ల ముందు నిలబడే ఉన్నారు. చెప్పుతో హాలు గీత చెరిపి మూడడుగులు పక్కకు జరిపాను. అటువైపు పడగ్గది గీత రెండడుగులు ఇటు జరిపాను. ఖాసీం మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ముగ్గు మీద యా రూమైనా సిన్నగానే కనపడ్తాది. గోడలు లేస్తే పెద్దగయితాది. శానామందికి ఇట్లే అనిపిస్తాది."

నేను లెక్కల మాస్టారినని అతనికి గుర్తుచేశాను. అతను చెయ్యి వదిలేశాడు. హాలుకు, పడగ్గదికి నడుమ ఉన్నది పద్మ గది. ఎనిమిదిలో అయిదు పోతే మూడు. మూడడుగులు గది కాదు కాబట్టి అందులో మెట్లు పెట్టమని, మిషను మెట్ల కింద పడుతుందని బావ తేల్చేశాడు.

మధ్యాహ్నం పద్మ క్యారియరు పట్టుకుని వచ్చి గీతల మధ్య నెమ్మదిగా తిరిగింది.

"నా రూము యాడుండాది?"

మెట్ల కింద, చల్లగా ఉంటుందని చెప్పాను. ఆమె మేస్త్రి వైపు చూసింది.

"ఇంకా తవ్వలేదమ్మా, మార్చొచ్చు" అన్నాడతను.

ముగ్గురూ నన్నే చూశారు. తప్పు చేశానని నాకు అప్పటికే తెలుసు. కానీ బావ ముందు వెనక్కి తగ్గడానికి మొహం చెల్లలేదు. తవ్వమన్నాను. పద్మ క్యారియరు విప్పి అందరికీ అన్నం పెట్టింది, నాకు నెయ్యి కూడా వేసింది.

గోడలు లేచాయి. మేస్త్రి చెప్పినట్టే గదులు పెద్దవయ్యాయి. హాల్లో దగ్గితే కాసేపటికి నా దగ్గు మళ్లీ నాకే వినిపిస్తుంది. పడగ్గదిలో ఫ్యాను గాలి మంచం దాకా రాదు. మెట్ల కింద మిషను పట్టింది గానీ పద్మ నిటారుగా నిలబడలేకపోయింది. కొలతలకొచ్చినవాళ్లు మెట్లకు తలలు కొట్టుకుని వెళ్లారు. రెండో నెలలో ఆమె పక్క వీధిలో గది అద్దెకు తీసుకుంది. సొంత ఇల్లు కట్టి పెళ్లాన్ని మళ్లీ అద్దె గదికి పంపిన మొగుణ్ణి నేను.

ఆ పదిమంది ఇంతవరకూ రాలేదు. బావ ఒక్కడే వస్తాడు. హాల్లో అయిదు నిమిషాలు కూర్చుని, బిక్కుబిక్కుమంటోందని పద్మ అద్దె కొట్లోకి పోతాడు. "ఈడ ఇంపుగా ఉండాదప్పా" అని అక్కణ్ణుంచే నాకు ఫోను చేస్తాడు.

మొన్న ప్యాంటు పొడవు తగ్గించాలని నేనూ ఆ కొట్టుకు వెళ్లాను. పద్మ మెళ్లోంచి టేపు తీసి ఒకసారి కొలిచింది, మళ్లీ ఇంకోసారి కొలిచింది. సందు దొరికింది కదా అని, లెక్కల మాస్టారి పెళ్లానికి రెండు కొలతలెందుకని వేళాకోళమాడాను.

ఆమె తలెత్తకుండానే అంది. "కత్తిరించేది నాది కాదు కదా. అందుకే."

అందుచేత చదువరులారా, సాక్షిగా ఉండండి. ఇకపై ఏ తెల్లగీతనూ నా కాలితో ముట్టను. కబడ్డీ కోర్టుదైనా సరే, నడిరోడ్డు మీదదైనా సరే. పద్మ రోజూ పొద్దున ఆ అద్దె గది ముందు చిన్న ముగ్గు వేసుకుంటుంది. నేను చెప్పులు రోడ్డు మీదే విడిచి, దాన్ని చుట్టి వెళ్లి, రావచ్చా అని అడిగి మరీ లోపలికి పోతున్నాను.