వేలిముద్ర పడని కాగితం

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా మేడ్చల్ గ్రంథాలయంలో నేర్చుకున్నదే. మనసు జబ్బుల మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. కారణం మా అమ్మ. కుంట కింది పొలం అమ్మిన ఏడాది ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆర్నెల్లు తిండి లేదు, మాట లేదు. పట్నంలో డాక్టరుకు చూపించి మందులు వాడాక మెల్లగా లేచి తిరిగింది. దాన్ని కుంగుబాటు అంటారని ఇంట్లో అందరికీ నేనే వివరించాను, కొంచెం గొప్పగానే.

కొన్నేళ్లకు ఒక పరిశోధక విద్యార్థిని గ్రంథాలయానికి వచ్చింది. మనసు జబ్బు నుంచి తేరుకున్నవాళ్లు తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటారన్నది ఆమె పరిశోధన. లైబ్రేరియన్ నన్ను చూపించాడు. నేను పొంగిపోయి, దేవరయాంజాల్‌లోని మా ఇంటికే తీసుకెళ్లాను. అమ్మ మాటలు పెద్ద గ్రంథంలోకి ఎక్కుతాయని నా ఆశ.

ఆ అమ్మాయి రికార్డరు తీసి, ముందుగా అంగీకార పత్రం చాపింది. సంతకం రానివాళ్ల కోసం సిరా డబ్బా కూడా తెచ్చుకుంది. దాన్ని చూడగానే అమ్మ చేతులు కొంగు కింద దాచుకుంది.

"ఇగ ఏ కాయిదం మీద ఏలు వెయ్య."

"భూమి కాయిదం కాదే అమ్మా," అని నేను దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను.

"గప్పుడు గూడ నువ్వే సదివినవ్ కదరా. మస్తు సక్కగ సదివినవ్. నా ఏలు వట్టి అద్దింది గూడ నువ్వే."

నేను కాగితాన్ని ఆ అమ్మాయికి తిరిగి ఇచ్చేశాను.

"ముద్ర లేకుంటే మీరు చెప్పేది నేను ఎక్కడా రాయకూడదమ్మా," అంది ఆ అమ్మాయి.

"రాయకు బిడ్డా. ఊకె కూసోని ఇను. సాయ్ తాగుతవా?"

ఆమె రికార్డరు సంచిలో పెట్టేసి, చాప మీద అమ్మకు దగ్గరగా జరిగింది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. కొత్తకోడలిగా ఆ పొలంలో బండలు ఏరడం, చేతులు పగిలి నెత్తురు కారడం, మొదటి పంటకు నాయిన గట్టు మీద కూర్చుని పాడడం. అన్నీ నాకు కొత్త.

"పండుకున్నప్పుడు అందరు గోలీలు మింగినవా అని అడిగిండ్రు," అంది చివరికి. "పొలం యాదికొస్తుందా అని ఒక్కలు గూడ అడగలే."

ఆ 'అందరి'లో ముందున్నది నేనే.

ఆ పిల్ల బస్సెక్కి వెళ్లిపోయాక అమ్మ పక్కన కూర్చున్నాను.

"వరినారు ఏ మూలకు పోసేటోళ్లే?"

ఎగతాళి చేస్తున్నానేమోనని అమ్మ కాసేపు నా మొహం చూసింది. తర్వాత వేలితో నేల మీద గట్లు గీయసాగింది.

ఆ తర్వాత అమ్మ బతికిన మూడేళ్లూ సాయంత్రాలు మాకు అలాగే గడిచాయి. ఇప్పుడా పొలంలో ప్రహరీ కట్టిన విల్లాలున్నాయి. ఆ నారుమడి ఏ ఇంటి కింద ఉందో బస్సు కిటికీలోంచి నేను చూపించగలను.