బకెట్లో ముంచి కొన్న జీపీఎస్

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్తుంటే అడవి దారిలో వాన పట్టుకుంది. తడిసిన ఫోన్ వేలికి పలకడం మానేసింది. ఎటు వెళ్లాలో తెలియక బైక్ ఆపి బస్టాపు రేకుల కిందికి చేరాను. అక్కడ బొగ్గుగనిలో పనిచేసే ఒకాయన, ఆయన భార్య తలదాచుకున్నారు. ఆమె చేతిలోని జీపీఎస్ మాత్రం నీళ్లోడుతూనే దారి చూపిస్తోంది.

"నేనూ ఒకటి కొనాలక్కా. అన్నిటి మీదా వాటర్‌ప్రూఫ్ అనే రాస్తారు. మీరెలా ఎంచుకున్నారు?" అని అడిగాను.

"షాపుల బకెట్ నీళ్లు తెప్పించిన తమ్మీ. ఏది ముంచనిస్తవ్ అని షాపాయన్ని అడిగిన. మిగతావాటికి చెయ్యడ్డం పెట్టిండు, దీన్ని ఆయనే ముంచిండు. గిదే తెచ్చుకున్న," అందామె.

"నేను హ్యాండిల్ పట్టుకుంటనంతే. దారి ఆమెనే చెప్తది," అని భర్త నవ్వాడు.

వాన తగ్గాక తమ బైక్ వెంట రమ్మన్నారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆమె, భర్త భుజం తట్టి, వెనకున్న నాకోసం తిరగాల్సిన వైపు చెయ్యి చాపేది. గోదావరి వంతెన దాకా ఆ చేతినే చూస్తూ హాయిగా వెళ్లాను.