రెండో ట్రాంబోన్ కుర్చీ

మా అన్నయ్య ఆర్విల్ ఈ ఫిబ్రవరిలో పోయాడు. చర్చిలో ఇద్దరు మాట్లాడారు. ఇరవై ఆరేళ్ళు మాంసం ఫ్యాక్టరీలో నాగా లేకుండా పనిచేశాడని ఒకరన్నారు. చలికాలంలో చర్చిని వెచ్చబెట్టే పొయ్యి చెడినప్పుడల్లా ఆర్విలే బాగుచేసేవాడని ఇంకొకరన్నారు. రెండూ నిజమే. కాని అంతకుముందు ఏడేళ్ళు ఆయన ఒమాహాలో డాన్సులకి వాయించే స్వింగ్ బ్యాండ్లన్నిటికంటే మంచిదాంట్లో రెండో ట్రాంబోన్ వాయించాడన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసింది నేను. ముందు వరసలో కూర్చుని చేతిరుమాలు మడతపెడుతూ ఉండిపోయాను.

1931లో ఏడుగురు కలిసి మొదలుపెట్టారు. ట్రంపెట్ వాయించే బ్రాడీ, జారుడు గొట్టాల ట్రాంబోన్లతో మా అన్నయ్య, ఆయన ప్రాణస్నేహితుడు ఈజెల్, మరో నలుగురు. అప్పుడు బాంజో ఉండేది, ట్యూబా అనే పెద్ద బాకా ఉండేది. కొత్త తరహా ఊపు వచ్చేసరికి బాంజో పోయి గిటార్ వచ్చింది. ట్యూబా పోయి నిలువెత్తు తీగల బేస్ వచ్చింది. ట్యూబా అతను అలిగి వెళ్తూ, "ఆ తీగల పీపాని మీరే మొయ్యండి, నా ఊపిరి నా దగ్గరే ఉంటుంది," అన్నాడు. శాక్సఫోన్లు రెండు నాలుగయ్యాయి. పన్నెండు మంది అయినప్పుడు బస్సు కొని దాని మీద 'ప్లాట్ రివర్ ట్వెల్వ్' అని రాయించారు. 1936లో పాడటానికి నన్ను చేర్చుకుని పదమూడు మందిమయ్యాం. పేరు మాత్రం మారలేదు. బస్సు మీద అప్పటికే రంగు వేసేశారు మరి.

మా దగ్గర స్వరాలు రాసిన కాగితాలుండేవి కావు. ఒకరు ఒక ముక్క పట్టుకుంటే, పక్కవాళ్ళు తమ తమ గొంతు వెతుక్కునేవాళ్ళు. కుదిరింది కుదిరినట్టు అందరి నోళ్ళలో ఉండిపోయేది. ఎవరైనా మానేస్తే ఆయన భాగం ఆయనతోపాటు పోవాలి. పోలేదంటే మా అన్నయ్య వల్లే. రెండో ట్రంపెట్ ఏం వాయిస్తుంది, మూడో శాక్స్ ఎక్కడ దిగుతుంది, అన్నీ ఆయనకి వచ్చు. కొత్తగా చేరినవాళ్ళని బస్సు వెనక సీటులో కూర్చోబెట్టి, డబ్బా చేపలు, బిస్కట్లు పంచుకుంటూ అయోవా రాష్ట్రం దాటేలోపు అంతా నోటితో పాడి నేర్పేవాడు.

"ఆర్విల్‌కి జలుబు చేసిందంటే మన పుస్తకం తడిసినట్టేరా," అనేవాడు బ్రాడీ.

"తడవనీ. ఆరేసి చదువుకుంటాం. ఎలాగూ దాంట్లో బొమ్మల్లేవు," అనేవాడు ఈజెల్.

బొమ్మల్లేవన్నది వేళాకోళమే అయినా అందులో నిజముంది. అన్నయ్య లేచి నిలబడి ఒంటరిగా వాయించేవాడు కాదు. ఈజెల్ లేచి జనాన్ని ఊపేస్తుంటే, ఈయన కూర్చుని పాటని కింద నుంచి పట్టుకునేవాడు.

మా బ్యాండ్‌కి యజమాని లేడు. అందరిదీ సమానమైన మాట. ఎవరిని తీసుకోవాలన్నా, ఎవరిని పంపాలన్నా ఓటే. తెల్ల చిక్కుడు గింజ వేస్తే ఉండమని, ఎర్ర గింజ వేస్తే వెళ్ళమని. సరిసమానంగా వస్తే మనిషి ఉండిపోతాడు. గింజలు వెయ్యడానికి ట్రంపెట్ మోత తగ్గించడానికి దాని నోటికి అడ్డం పెట్టే గుండు టోపీ ఒకటుండేది. ఎవరి కుర్చీ మీద ఓటో ఆ మనిషే టోపీ పట్టుకుని ప్రతివాళ్ళ ముందుకీ రావాలి. గుప్పిట మూసి వేసినా, ఆయన ముఖం చూస్తూ వెయ్యాలి. మనిషి ఎదురుగా ఉంటే ఎవరూ తేలిగ్గా వెయ్యరని ఈ పద్ధతి పెట్టింది మా అన్నయ్యే.

1938 ఏప్రిల్‌లో షికాగో నుంచి రికార్డుల కంపెనీ మనిషి వచ్చి డెమాయిన్‌లో మమ్మల్ని విన్నాడు. నాలుగు పాటలు రికార్డు తీస్తానన్నాడు, అందులో రెండు నేను పాడేవి. ఒక షరతు పెట్టాడు. రెండో ట్రాంబోన్ చప్పగా ఉంది, టల్సాలో ఒకతనున్నాడు, లేచి వాయిస్తే దీపాలు ఊగుతాయి, అతన్ని కూర్చోబెట్టమన్నాడు.

మంగలి షాపు మీద మేం సాధన చేసే గదిలో, మధ్యాహ్నం, ఓటు పెట్టారు. నాకు ఇరవై ఒకటి. నా గొంతు ఇంటింటా గ్రామఫోన్ల మీద తిరుగుతుందన్న ఆలోచన తప్ప ఆ వారమంతా నా బుర్రలో ఇంకేమీ లేదు. నేనొక్కదాన్ని ఎర్రది వేసినంత మాత్రాన అన్నయ్య పోడనుకున్నాను. పోకపోతే నా మనసులో మాట ఎవరికీ తెలియదు, పోతే పదిమంది చేసిందే కదా అనుకున్నాను.

అన్నయ్య టోపీ పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ వచ్చాడు. ఈజెల్ దగ్గర ఆలస్యమైంది. ఈజెల్ గుప్పిట టోపీలో పెట్టి తలెత్తలేదు. ఏడుస్తున్నాడు. నా ముందుకొచ్చి అన్నయ్య నవ్వి, "ఏమే కోరా, అంత గట్టిగా పట్టుకున్నావేం? గింజ బరువా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఎర్రది వేశాను.

పన్నెండు ఓట్లు. ఏడు ఎర్రవి, ఐదు తెల్లవి. నేను తెల్లది వేసి ఉంటే ఆరూ ఆరూ, కుర్చీ నిలిచేది.

అన్నయ్య టోపీ బల్ల మీద పెట్టి, "టల్సా అతన్ని తొందరగా రమ్మనండి. నేర్చుకోవలసింది చాలా ఉంది," అన్నాడు. అతనొచ్చాక మూడు మధ్యాహ్నాలు ఎదురుగా కూర్చుని తన భాగం మొత్తం, పొల్లు పోకుండా, అతని నోట్లో పెట్టి మరీ ఇచ్చాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో చేరాడు. ట్రాంబోన్ మంచం కింద పెట్టాడు.

మొదటి ఆదివారం భోజనాల దగ్గర లెక్క తేల్చాడు.

"నాకు ఆరు ఖాయం అనుకున్నానే. నలుగురు తెల్లది వేశామని బైబిల్ మీద ఒట్టేసి చెప్పారు. నువ్వు ఐదో దానివి. మిగిలింది ఎవడు? తల ఎత్తలేకపోయినవాడే."

నా నోట్లో చిలగడదుంప ముక్క ఉంది. నమిలాను. మింగాను. "అయ్యుండొచ్చు," అన్నాను.

నా రెండు పాటలూ రికార్డుగా వచ్చాయి. మా పేటలో, ట్వెంటీఫోర్త్ స్ట్రీట్‌లో ఆర్నెల్లు వినిపించాయి. టల్సా అతను ఏడాదికే ఇంకో పెద్ద బ్యాండ్‌లోకి వెళ్ళిపోయాడు. అతని స్థానంలో వచ్చినవాళ్ళకి నేర్పేవాళ్ళు లేరు. తలా ఒకటి గుర్తు తెచ్చుకుంటే పాటకి నాలుగు ముక్కలు తేలేవి, అతికేవి కావు. చివరికి అందరం బజారులో దొరికే అచ్చు కాగితాలు చూసి, అన్ని బ్యాండ్లూ వాయించేదే వాయించాం. 1942లో యుద్ధం ఐదుగురిని తీసుకుపోయింది. బస్సు అమ్మేశారు. నేను బడిలో పాఠాలు చెప్పడానికి కుదిరాను.

అన్నయ్య మాట మానేసినా ఈజెల్ మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. మిస్సోరీ నదిలో చేపలు పడితే కాగితంలో చుట్టి తెచ్చి తలుపు కొట్టేవాడు.

"నేను ఇంట్లో లేనని చెప్పవే," అని అన్నయ్య లోపలి నుంచి అరిచేవాడు.

"లేనివాడి గొంతు చాలా బావుందమ్మా కోరా," అనేవాడు ఈజెల్. "వాడికి చెప్పు, తలకాయలు కూడా ఉంచాను, పులుసుకి. నేనేం చేశానో చెప్తే బుద్ధిగా తిట్లు తింటానని కూడా చెప్పు."

నేను చేపలు తీసుకుని తలుపు మూసేదాన్ని. వేయించి పెడితే అన్నయ్య ముట్టేవాడు కాదు. ఇరవై ఆరేళ్ళలో అలా ఎన్నిసార్లు తలుపు మూశానో. ప్రతిసారీ, ఈసారి అన్నయ్యతో చెప్పేద్దామనుకునేదాన్ని. ఆలస్యమైనకొద్దీ నిజానికి ఇంకో నిజం తోడయ్యేది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి కదా.

1964 అక్టోబర్‌లో ఈజెల్ గుండె ఆగి పోయాడు. అన్నయ్య అంత్యక్రియలకి రాలేదు. నేను తిరిగొచ్చేసరికి వరండాలో కూర్చుని ఉన్నాడు.

"ఎంతమంది వచ్చారు?"

"చర్చి నిండింది."

"వాయించారా?"

"బ్రాడీ వాయించాడు. పళ్ళు లేవు, అయినా వాయించాడు."

"సరేలే. ఆ ఎర్ర గింజ కూడా వాడితోపాటే పోయింది," అన్నాడు.

అప్పుడు చెప్పాను, ఆ గింజ నాదని. కోటు కూడా విప్పకుండా, మెట్టు మీద నిలబడే.

అన్నయ్య నన్ను తిట్టలేదు. నా వంక చూడనుకూడా లేదు. లోపలికెళ్ళి ఆదివారం కోటు వేసుకుని వచ్చి, "పద," అన్నాడు.

ఈజెల్ ఇల్లు మూడు వీధుల అవతల. వాకిలి నిండా ఇంకా కార్లున్నాయి. నేను గేటు దగ్గర ఆగిపోయాను. అన్నయ్య మెట్లెక్కి తలుపు కొట్టాడు. ఈజెల్ భార్య ఓపల్ వచ్చింది, నల్ల గౌను మీద వంటింటి గుడ్డ కట్టుకుని.

"ఓపల్, పొరపాటు జరిగింది," అన్నాడు అన్నయ్య. "ఈజెల్ నన్ను ఏమీ చెయ్యలేదు. నేనే తప్పుగా అనుకున్నాను."

"ఎవరు చెప్పారు నీకు, ఇవాళ?"

ఆయన వెనక్కి తిరిగి నా వైపు చెయ్యి చూపిస్తే చాలు. చూపించలేదు.

"ఎవరూ చెప్పలేదు. నాకే తట్టింది."

"మా ఆయన్ని మట్టిలో పెట్టిన రోజున తట్టిందా?" అంది ఓపల్. గొంతు పెంచలేదు. "చేప పట్టినప్పుడల్లా పెద్దది నీకని తీసిపెట్టేవాడు. నేనేం చేశానే ఓపల్, నేనేం చేశానే అని, నిద్రలో కూడా అదే. ఇంటికెళ్ళు ఆర్విల్. లోపల చుట్టాలున్నారు, వాళ్ళకి అన్నం పెట్టాలి."

తలుపు మూసేముందు నన్ను చూసింది. "నువ్వు వచ్చావుగా కోరా పొద్దున్న, మంచిదానివి," అంది.

ఆ క్షణంలో నోరు తెరవవలసింది. గేటుకీ మెట్లకీ మధ్య పది అడుగులుంటాయేమో. బళ్ళో పిల్లలకి నిజం చెప్పమని రోజూ చెప్పే నోరు నాది. "నీకు ఓపిక కావాలి ఓపల్, ఏమైనా తిను," అన్నాను.

దారిలో అన్నయ్య నాకంటే రెండడుగులు ముందు నడిచాడు. మూల మలుపు దగ్గర ఆగి, "కాలవ పక్కన జారుతుంది, చూసుకో," అన్నాడు. అంతే. ఆ తర్వాత మూడేళ్ళు ప్రతి ఆదివారం నా చేతి భోజనమే తిన్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఓపల్ ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటోంది. అన్నయ్య అంత్యక్రియలకి వచ్చి వెనక వరసలో కూర్చుంది. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, "మొండివాడు, కానీ నీకు మంచి అన్నయ్య," అంది. అవునన్నాను.