ఓడినవాళ్ళకు తొలి గరిటె

ఈ ఉదయం నడకకు బయలుదేరబోతూ బూట్లు దులిపితే గుప్పెడు నల్లటి రబ్బరు రవ్వలు కార్పెట్ మీద రాలాయి. కిందటి ఆదివారం కొత్త ఫుట్‌బాల్ గ్రౌండు ప్రారంభానికి వెళ్ళి వచ్చినప్పటినుంచీ ఇదే వరస. మేజోళ్ళలో, ప్యాంటు మడతల్లో, ఆఖరికి పక్క దుప్పటిలో కూడా అవే తగులుతున్నాయి. ప్లాస్టిక్ గడ్డి నిటారుగా నిలబడడానికి పాత టైర్లను పొడి కొట్టి దాని మొదళ్ళలో పోస్తారు. మా ఆవిడ వాక్యూమ్ తెచ్చి గట్టిగా రుద్దుతూ, ఆట చూడ్డానికి వెళ్ళారా, టైర్ల షాపులో పొర్లి వచ్చారా అని దెప్పింది. నవ్వాల్సిన మాటే గాని నాకు నవ్వు రాలేదు, ఆ రవ్వలను చూస్తే రోత పుట్టింది. ఎందుకో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. నా ఈడువాళ్ళయితే విసుక్కోకుండా వింటారన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

సివిల్ ఇంజనీరుగా వాంకూవర్ పక్కనున్న ఈ ఊరికి వచ్చిన కొత్తలో నేను ఒక ఫీజీ తెలుగువారి ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటాయనను మొదటి వారం సార్ అనీ, రెండో వారం అంకుల్ అనీ పిలిచి, నాకంటే పదేళ్ళే పెద్ద అని తెలిశాక అన్నయ్య అనడం మొదలుపెట్టాను, ఆ పిలుపే ఈనాటికీ ఉండిపోయింది. ఆయన ముత్తాతను చెరకు తోటల్లో కూలికని ఓడెక్కించి ఫీజీ తీసుకుపోయారట. ఆయన పుట్టింది అక్కడే, మన దేశాన్ని ఒక్కసారి కూడా చూడలేదు, అయినా వాళ్ళ నాయనమ్మ నేర్పి పోయిన తెలుగును పాత ఇత్తడి గిన్నెలా జాగ్రత్తగా దాచుకుని, నాతో మాట్లాడేటప్పుడు బయటికి తీసేవాడు. వాళ్ళ పిల్లలకు అదీ లేదు, ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబు చెప్పేవారు. అన్నయ్య నది ఒడ్డున కలప కోసే మిల్లులో పనిచేసేవాడు, ఆ మిల్లు పనివాళ్ళంతా కలిసి ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. ఈ దేశంలో దాన్ని సాకర్ అంటారు గాని అన్నయ్య ఎదుట ఆ మాట అంటే ముఖం ముడుచుకునేవాడు.

జీతాలిచ్చే క్లబ్బులూ, టీవీలో వచ్చే పోటీలూ మాకు పట్టేవి కావు. మిల్లువాళ్ళు, చేపల ఫ్యాక్టరీవాళ్ళు, ఇటలీ నుంచి వచ్చిన తాపీమేస్త్రులు, పోర్చుగీసు బేకరీవాళ్ళు, ఇలా వారమంతా ఒళ్ళు వంచి పనిచేసినవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తన్నుకునే లీగు అది. మిల్లు వెనక ఖాళీ స్థలమే గ్రౌండు. వాన పడితే సగం చెరువు, పడకపోతే సగం అడవి బాతుల రెట్ట. అన్నయ్య మిల్లులోని రంపపు పొట్టును బస్తాల్లో తెచ్చి తన చేత్తోనే గీతలు పోసేవాడు, అవి ఏనాడూ తిన్నగా ఉండేవి కావు, ఒక మూల గీత వంకర తిరిగి బ్లాక్‌బెర్రీ పొదల్లోకి పోయేది. బంతి ఆ ముళ్ళలో పడితే రెండు జట్లవాళ్ళూ కలిసి వెళ్ళి, చేతులు గీరుకుంటూ వెతికి, నాలుగు పళ్ళు కూడా నోట్లో వేసుకుని వచ్చేవారు. నేను ఆడలేదు, ఆడే ఒళ్ళూ కాదు నాది, గొడుగు పట్టుకుని గట్టున నిలబడి గొంతు పోయేలా అరిచేవాణ్ణి, అంతే.

నేను ఎదురుచూసిందల్లా ఆట అయిపోయాక జరిగే వడ్డన కోసం. వదిన తెల్లవారుజామున లేచి పెద్ద డబరా నిండా మేకమాంసం కూర, ఇంకో గిన్నెడు అన్నం వండి, దుప్పట్లు చుట్టి కారు డిక్కీలో పెట్టించేది. నేను మాంసం తిననని తెలిసి మొదటి ఆదివారం నుంచే చిన్న డబ్బాలో చింతపండు అన్నం వేరుగా కలిపి, నలుగురిలో చిన్నబోకుండా ముందే నా చేతిలో పెట్టేసేది. ఆఖరి విజిల్ ఊదగానే అన్నయ్య డబరా మూత తీసి గరిటెను గెలిచిన జట్టు కెప్టెన్ చేతికి ఇచ్చేవాడు. అతను తొలి గరిటె ఓడిన జట్టు గోల్‌కీపర్‌కు వడ్డించాలి, తర్వాత ఆ జట్టులో మిగతావాళ్ళకు, వాళ్ళంతా తిన్నాకే గెలిచినవాళ్ళు ప్లేటు ముట్టుకోవాలి. చెరకు తోటల రోజుల్లో ఒకసారి ఓడిన ఊరివాళ్ళు కత్తులు తీశారట, అప్పటి పెద్దలు పెట్టిన పద్ధతి అది. "ఓడినోడు ఆకలితో ఇంటికి పోతే కోపం కూడా పట్టుకుపోతాడు తమ్ముడూ, ముందు వాడికి పెట్టాల" అనేవాడు అన్నయ్య. ఒకసారి ఆరు గోల్స్ తిన్న ఇటలీ కుర్రాడు ఆ కూర కారానికి కళ్ళనీళ్ళు కారుస్తూ, ఓడిపోయినందుకు ఏడవడం లేదని అందరికీ ఒట్టేసి చెబుతుంటే, వడ్డించిన మా కెప్టెనే వాడికి మంచినీళ్ళు తెచ్చి తాగించాడు. పోనుపోను బేకరీవాళ్ళు రొట్టెలు తెచ్చారు, చేపల ఫ్యాక్టరీవాళ్ళు చేపలు తెచ్చారు, ఎవరు గెలిచినా గరిటె పద్ధతి మాత్రం మారలేదు.

తర్వాత నాకు సిటీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది, పెళ్ళయింది, సొంత ఇల్లు కొన్నాను, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, రిటైరయ్యాను. మిల్లు మూతపడి ఆ చుట్టుపక్కల అద్దాల అపార్ట్‌మెంట్లు లేచాయి. జట్టు మాత్రం మిగిలింది, మిల్లువాళ్ళ మనవలు ఆడుతున్నారు. మంచి గ్రౌండు కావాలని అడగడానికి ఒక కమిటీ వేసి, సిటీ కాగితాల భాష తెలిసినవాణ్ణని నన్ను అందులో కూర్చోబెట్టారు. సిటీకి పెట్టే అర్జీలో డ్రైనేజీ, లైట్లు, కంచె, టాయిలెట్లు అన్నీ నేనే రాశాను, రాసి మురిసిపోయాను. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఆరేళ్ళ కిందట, వదిన ఇంకా వండుతున్న రోజుల్లో, ఒక మీటింగులో అపార్ట్‌మెంట్ల తరఫున వచ్చిన ఒకావిడ ముక్కు ముందు చెయ్యి ఊపుతూ, ఆదివారాలు ఆ కూర వాసనకు బాల్కనీ తలుపు తీయలేకపోతున్నామని అన్నప్పుడు, అంతమంది తెల్లవాళ్ళ మధ్య నా చెవులు కాలిపోయాయి. ఆవిడ ఇంకేమీ కోరలేదు, సిటీవాళ్ళూ ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చి నేనే, నా అంతట నేనే, బయటి వంటకాలను కొత్త గ్రౌండులోకి రానివ్వబోమని ఆ అర్జీలో ఒక వాక్యం చేర్చాను. మనవాళ్ళ మీద మాట రాకూడదు కదా అని సమర్థించుకున్నాను. వదిన చేతి అన్నం అన్నేళ్ళు తిన్న మనిషి చేయాల్సిన పనేనా అది! తలచుకుంటే నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

వదిన పోయి ఐదేళ్ళయింది. ఆవిడతోపాటే వంటా ఆగిపోయింది, డబరా గరాజ్‌లోకి వెళ్ళింది. కొత్త గ్రౌండులో మొదటి మ్యాచ్ అనగానే ఎనభై దాటిన అన్నయ్య తానే దాన్ని దించి, తోమి, మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడి వండాడు. నేను కారు తీసుకుని వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, దుప్పటి చుట్టిన డబరా పక్కన, గరిటె చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. డబరాను వెనక సీట్లో పెట్టి సీటు బెల్టు కూడా కట్టాం. దారి పొడుగునా ఆయనది ఒకటే మాట, మీ వదిన చేతి రుచి రాలేదేమో గాని, గరిటె ఎట్లా పట్టుకోవాలో ఈ పిల్లలకు ఒక్కసారి చూపించి పోతే చాలు నాకు అని. నేను స్టీరింగ్ పట్టుకుని, ఆ రూలు ఎవరు పట్టించుకుంటారులే అని లోపల్లోపల సర్దిచెప్పుకుంటూ కూర్చున్నాను. అప్పుడే నోరు విప్పి ఉండాల్సింది, విప్పలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్నది ఒక తెలుగమ్మాయి, ఇక్కడ చదువుకుంటూ వీకెండ్లు డ్యూటీ చేస్తోందట. మా మాటలు విని ఆ పిల్ల ముఖం వెలిగింది, డబరాను చూడగానే మాడిపోయింది. "సారీ అంకుల్, అవుట్‌సైడ్ ఫుడ్ అలౌ చేయరు. కెమెరా ఉంది అంకుల్, పంపిస్తే నా జాబ్ పోతుంది" అంటూ బోర్డు చూపించింది. నా వాక్యమే, నా ఇంగ్లీషే, ఒక్క మాట కూడా మార్చకుండా తెల్లటి అక్షరాలతో వేశారు. లోపలికి రావాలంటే తెచ్చినదాన్ని పక్కనున్న చెత్తడబ్బాలో పారబోసి రావాలట. అంతలో మైకులో కమిటీ సభ్యులను వేదిక దగ్గరికి రమ్మని పిలుపు వినబడింది. "పో తమ్ముడూ, నిన్ను పిలస్తా ఉండారు, నేను ఈడ కూర్చుంటా" అన్నాడు అన్నయ్య. పది నిమిషాల్లో వస్తానని చెప్పి నేను లోపలికి వెళ్ళాను. ఆయనను, ఆ డబరాను పార్కింగ్‌లో వదిలేసి వెళ్ళాను.

లోపల ఏం చూశానని చెప్పను! ఎండకు కాగిన రబ్బరు కంపు, దానిమీద తిండి స్టాళ్ళలో మాడిన నూనె కంపు, అట్టపెట్టెల్లో పసుపుపచ్చగా కారుతున్న చీజ్. ఆ వాసనకు మాత్రం ఎవరి బాల్కనీ తలుపులూ మూతపడవు కాబోలు. బంతి బయటికి పోయిన ప్రతిసారీ చెవులు చిల్లులు పడే సంగీతం, చప్పట్లు కొట్టమని తెరమీద ఆజ్ఞలు. పక్కవాడు గోల్ చూడలేదు, గోల్ వెనక కనబడేట్టు తన ఫోటో తీసుకుంటున్నాడు. నా మెడలో ఒక స్కార్ఫ్ వేసి, కరచాలనం చేయించి, ఫోటో తీసి, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. పది నిమిషాలు అయిపోయాయి, సగం ఆట అయిపోయింది, ఇప్పుడే లేస్తే మర్యాదగా ఉండదేమోనని నేను ఆ కుర్చీకి అంటుకుపోయాను. నాకు ఎవరి మర్యాద గుర్తుందో, ఎవరిది గుర్తు లేదో చూడండి, ఛీ.

చివరికి ఆట ముగియడానికి కాసేపటి ముందు లేచి వచ్చాను. అన్నయ్య పార్కింగ్ అంచున సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు, డబరా ఆయన కాళ్ళ దగ్గర ఉంది. కంచెకు బిగించిన ఆకుపచ్చ గుడ్డ వల్ల ఆయనకు ఏమీ కనబడలేదు, అరుపులను బట్టి మనవాళ్ళే గెలుస్తున్నారని లెక్కేసుకుంటున్నాడు. ఆఖరి విజిల్ వినగానే లేచి, చొక్కా సర్దుకుని, మూత తీసి, గరిటె పట్టుకుని గేటువైపు నిలబడ్డాడు. గెలిచిన మన పిల్లలు ఫోన్లు చూసుకుంటూ వచ్చి, హాయ్ అంకుల్ అని చెయ్యి ఊపి కార్లెక్కారు. ఓడినవాళ్ళు తలలు వంచుకుని సంచులు భుజాన వేసుకుని మా ముందునుంచే వ్యాన్ దగ్గరికి వెళ్ళిపోయారు. గరిటె ఎందుకో వాళ్ళెవరికీ తెలియదు, వాళ్ళ వ్యాన్ కదిలేదాకా అన్నయ్య గరిటె దించలేదు.

అన్నయ్యా, ఆ బోర్డు మీది మాట రాసింది నేనేనని అప్పుడు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసు తమ్ముడూ. సిటీ కాయితం మా ఇంటికీ వచ్చె గదా, మా అమ్మాయి చదివి చెప్పింది, కింద నీ పేరుండాదని. రాసింది నువ్వే గదా, నువ్వు పక్కనుంటే నన్ను లోపలికి రానిస్తారనుకుంటి" అన్నాడు. ఆ మాటలో కోపం ఉన్నా బాగుండేది. తర్వాత గరిటెను తిప్పి, కాడ నావైపు పెట్టి, "నువ్వు అడిగిన గ్రౌండు నీకొచ్చింది. గెలిచినోడివి నువ్వే. పెట్టు" అని సంచిలోంచి ప్లేటు తీసి చాపాడు. చల్లారి, పైన కొవ్వు పేరుకున్న ఆ కూరను నేను ఆయనకు వడ్డించాను. ఆయన ఆ దిమ్మ మీదే కూర్చుని, ముక్క మిగలకుండా తిన్నాడు.

ఆ గ్రౌండుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. నీళ్ళు నిలవవు, గీతలు తిన్నగా ఉన్నాయి, బంతి ముళ్ళలో పడదు, నేను కాగితం మీద కోరినవన్నీ కోరినట్టే ఇచ్చారు. ఒకప్పుడు కాళ్ళు తన్నుకున్నవాళ్ళు ఒకరి ప్లేటు వంక ఒకరు చూసుకుంటూ తినేవారు, ఇప్పుడు ఎవరి కారులో వాళ్ళు వెళ్ళిపోతున్నారు, ఆ పాత మధ్యాహ్నాలను అడగడం మాత్రం నాకు తోచలేదు. వచ్చే ఆదివారం కూడా మ్యాచ్ ఉంది. ఎప్పుడూ శుక్రవారానికల్లా ఫోన్ చేసే అన్నయ్య ఈ వారం చేయలేదు, నేను చేద్దామంటే నాకు ముఖం చెల్లడం లేదు.