తినని సీతాఫలం వాసన

కార్తీక శుద్ధ ద్వాదశి తెల్లవారేసరికి నాకు కడుపులో తిప్పడం మొదలైంది. ముందురోజు ఏకాదశి. పెళ్లయిన ఏటి నుంచి ఒక్కటీ తప్పని ఉపవాసం. షుగర్ మాత్రలు మాత్రం గుక్కెడు నీళ్లతో వేళకు వేసుకున్నాను. వాటిలో ఒకటి నెల కిందట డాక్టరు కొత్తగా రాసిచ్చింది, ఒంట్లోని చక్కెరను మూత్రంలో పంపించేది.

రెండుసార్లు వాంతి అయింది. వేలు గుచ్చి మిషన్‌లో చూసుకుంటే 148. పైత్యమే అనుకుని ఆ పొద్దు మాత్రలు కూడా వేసుకున్నాను.

ఉపవాసం విడవడానికి అవిసాకు కూర చేసుకుని మా ఆడబిడ్డ సుబ్బలక్ష్మి వచ్చింది. పక్కన కూర్చుని ముక్కు ఎగబీల్చింది.

"ఏం వదినా, ఉపాసమని చెప్పి సీతాఫలం తింటివా? నోరంతా వాసనొస్తాండాది."

"దేవుని మీద ఒట్టు. నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు."

"మాగిన పండు వాసన నాకు తెలీదా? తింటే తింటివిలే, నేనేమన్నా దండోరా ఏపిస్తానా?"

గట్టిగా జవాబు చెప్పబోయాను. ఊపిరి చాల్లేదు. కూర్చున్నచోటే, పరుగెత్తి వచ్చినదానిలా రొప్పుతున్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

నా కొడుకు మా ఇద్దరినీ కోయిలకుంట్ల నుంచి కర్నూలు ఆసుపత్రికి కారులో తీసుకుపోయాడు. అక్కడా షుగర్ బాగానే ఉంది. డాక్టరు ముందర కూడా సుబ్బలక్ష్మి వదల్లేదు. "ఏం తినలేదని ఒట్టేస్తాంది సారూ. ఆ వాసన యాడిదో మీరే చెప్పండి."

ఆయన వంగి నా ఊపిరి వాసన చూశాడు. వెంటనే లేచి "ఏబీజీ పంపండి, కీటోన్స్ చూడండి" అని నర్సును కేకేశాడు. ఏబీజీ అంటే రక్తంలో యాసిడ్ ఎంతుందో చూసే పరీక్షట.

కీటోఅసిడోసిస్ అన్నారు. ఐసీయూలో ఆయన చెప్పింది ఇది: "తిండి లేనప్పుడు లివర్ కొవ్వును కరిగించి కీటోన్స్ తయారుచేస్తుందమ్మా. అందరికీ జరిగేదే. దానికి ఇన్సులిన్ పగ్గం. ఉపవాసం, ఆ మాత్ర కలిసి మీకు పగ్గం వదులైపోయింది. రక్తంలో యాసిడ్ పెరిగిపోయింది. చక్కెర మూత్రంలో పోతోంది కాబట్టి మిషన్‌కు తెలియలేదు."

"అయితే మా వదిన ఏం తినలేదా సారూ?"

"తినకపోవడం వల్లే ఆ వాసన."

సుబ్బలక్ష్మి నా పాదం పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

గ్లూకోజు, ఇన్సులిన్ రెండూ కలిపి ఎక్కించారు. తగ్గిందని వార్డుకు మార్చారు. మర్నాడే కీటోన్స్ మళ్లీ పెరిగాయి, మళ్లీ ఐసీయూ. మాత్ర ఆపినా ఒంట్లో దాని పని ఆగలేదట. తలుపు దగ్గర డాక్టరు నా కొడుకుతో "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అనడం నాకు వినపడింది. నాకు చెవుడు లేదన్న సంగతి వాళ్లు మరిచిపోయారు.

బతికాను. ఆ మాత్ర మానిపించి ఇన్సులిన్ పెట్టారు. ఏకాదశినాడు అందరితోపాటు అన్నం తింటున్నాను. మొదటి ముద్ద ఎత్తేముందు ఇప్పటికీ దేవుని పటం వైపు చూస్తాను.

షుగర్ మాత్రలు వాడేవారు ఉపవాసం ఉండవచ్చో లేదో, ఉంటే ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో ముందే డాక్టరును అడగండి. వాంతులు, రొప్పు వస్తే మిషన్‌లో అంకె బాగున్నా నమ్మకండి. వెంటనే ఆసుపత్రికి పోయి కీటోన్స్ చూడమనండి.

ఇంట్లో సీతాఫలం వాసన వస్తే నేను ముందు పండ్ల బుట్ట కోసం వెతుకుతాను. అది కనబడకపోతే సుబ్బలక్ష్మిని పిలిచి, వాసన చూడమని నోరు తెరుస్తాను.