మెడ వెనక వంటిల్లు

సామ్రాజ్యాలు ఎలా పుట్టాయో, ఎలా కూలాయో లావుపాటి పుస్తకాలు రాసినవాళ్లెవరూ, జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్టణంలో వెర్నీటా గ్రియర్ అనే స్కూలు బస్సు డ్రైవరు ప్రతి రాత్రీ తలకు పట్టుగుడ్డ కట్టుకుని పడుకునేదన్న సంగతి ప్రస్తావించలేదు. లోపం చరిత్రకారులదే. నది ఊరిమీదికి పొంగి, కుళాయిల్లో చుక్క నీరు రాకుండా పోయిన వేసవిలో ఆ గుడ్డ తలమీదే ఉంది. కూతురు డెల్ఫీన్ పుట్టిన రాత్రీ ఉంది. పెళ్లినాటి రాత్రి సైతం ఉంది. ఆ మాట భర్త లియోటిస్ నలుగురిలో చెప్పి మరీ నవ్వేవాడు: "నా పక్కన పడుకున్నది పెళ్లికూతురో, సముద్రపు దొంగో తెల్లారేదాకా తేలలేదు."

గుడ్డ కింద ఉన్నది, పుట్టుకతో వచ్చిన బిగుతు ఉంగరాలను ఘాటైన మందు పెట్టి సాఫీ చేసిన జుట్టు. అలాంటి జుట్టుకు నూలు దిండుగలీబు కూడా శత్రువే, తేమంతా పీల్చేస్తుంది. మందు పెట్టుకోబోయే ముందు రోజుల్లో తల గోకకూడదు. గోకితే ఆ గీతల్లోకి మందు దిగి నిప్పు రాజేస్తుంది. కొత్తగా మొలిచిన ఉంగరాల మీదే మందు రాయాలి తప్ప, ఇదివరకే సాఫీ అయిన వెంట్రుక మీదికి మళ్లీ లాగకూడదు. లాగితే పుటుక్కున తెగుతుంది. ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య నెలల తరబడి ఓపిక పట్టాలి. బైబిలు తర్వాత వెర్నీటా అంత నిష్ఠగా పాటించింది ఈ నియమాలనే. కొన్ని శనివారాలు బైబిలు కంటే ముందు కూడా.

మెడ వెనక, ఎంత దువ్వినా ముడుచుకుపోయే నాలుగు వేళ్ల జాగా ఒకటుంటుంది. దాన్ని అక్కడి నల్లజాతి ఆడవాళ్లు 'వంటిల్లు' అంటారు. తల మొత్తంలో ముందు మొండికేసేదీ, ముందు తెగేదీ అదే. ఆడదాని తల ఎంత బాగుందో చూడాలంటే ముంగురులు చూడరు, వెనకాల నిలబడి వంటిల్లు చూస్తారు. చర్చిలో వెనక వరసలకు గిరాకీ ఉండటం భక్తి తక్కువై కాదు.

వదినా మరదళ్లకు వంటింటి దగ్గర తగవు రావడం లోకంలో కొత్త కాదు. వెర్నీటాకూ ఆమె ఆడపడుచు ఓజెల్లాకూ వచ్చిన తగవు మాత్రం ఈ వంటింటి గురించి.

ఓజెల్లా లియోటిస్‌కు అక్క. తన ఇంటి వెనక వసారాలో కుర్చీ, తొట్టి, తల ఆరబెట్టే యంత్రం పెట్టుకుని, ఆ పేటలో సగం తలలు చక్కదిద్దేది. లియోటిస్ గుండె ఆగి పోయినప్పుడు, సమాధికి ముందురోజు వెర్నీటా తల ఆమే చక్కదిద్దింది. మందు రాస్తూ తమ్ముణ్ణి తలుచుకుని మాట్లాడింది, మాట్లాడుతూ ఏడ్చింది, ఏడుస్తూ కుదుళ్ల దగ్గర ఆగవలసిన మందును కొసలదాకా లాగింది. వంటింట్లో పెట్టిందాన్ని కడగడం మరిచిపోయింది. వారం తిరగకుండా వెర్నీటా మెడ వెనక చర్మం తప్ప ఏమీ మిగల్లేదు.

"నీ తమ్ముడితోపాటు నా జుట్టునీ పాతిపెట్టావు! ఇక నా వంటింట్లో అడుగుపెట్టావంటే ఒట్టు!" అంది వెర్నీటా, చర్చి మెట్ల మీద, పాస్టరుగారు వింటుండగా.

"అంత మండుతుంటే నోరు విప్పి చెప్పొద్దటే?" అంది ఓజెల్లా.

వెర్నీటా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఇద్దరూ పదకొండేళ్లు మాట్లాడుకోలేదు.

ఆ పదకొండేళ్లూ వెర్నీటా రెండు అద్దాల మధ్య మెడ వంచి తన మందు తనే పెట్టుకుంది. బోడి అయినచోట రాత్రిళ్లు ఆముదం రాసింది. నూగు మొలిచింది, వేలెడయింది, చివరికి భుజాలను తాకింది. జీవితంలో తను కష్టపడి, ఒక్కతే, సాధించినది అదొక్కటేనని ఆమె అభిప్రాయం. కూతురు లెక్కలోకి రాదు, దానికి లియోటిస్ సాయం ఉంది.

అలాంటి సమయంలో పక్షవాతం వచ్చింది. కాలూ మాటా తిరిగి వచ్చాయి గానీ కుడిచెయ్యి భుజం దాటి లేవనంది. కుదుళ్ల దగ్గర కొత్త మొలక దట్టంగా పెరిగి, పాత సాఫీ జుట్టుతో చిక్కుపడి, రెండూ కలిసేచోట వెంట్రుకలు తెగడం మొదలుపెట్టాయి. ఉదయం లేచేసరికి గుడ్డలో కనపడేవి. వెర్నీటా వాటిని ఎడంచేత్తో ఏరి, ఎవరూ చూడకుండా చెత్తబుట్టలో వేసేది.

ఆసుపత్రిలో నర్సుగా చేసే డెల్ఫీన్ దువ్వెన పట్టుకుని ఒక సాయంత్రమంతా కుస్తీపట్టి వదిలేసింది.

"కత్తిరించేద్దామమ్మా. నాలాగ పొట్టిగా. హాయిగా ఉంటుంది."

"నీలాగా? నీ తల చూస్తే మీ నాన్న సైన్యంలో చేరిన రోజు గుర్తొస్తుందే."

"అయితే అత్త దగ్గరికెళ్లు."

"ఛస్తే వెళ్లను," అంది వెర్నీటా. శనివారం వెళ్లింది.

ఓజెల్లా వసారాలో తొట్టి తోముతోంది. తలెత్తి చూసి, మళ్లీ తోముతూ అంది: "దొరసానిగారే! దారి తప్పావా, బస్సు తప్పిందా?"

"బస్సు నడిపినదాన్ని, వదినా. నాకు బస్సు తప్పదు."

"కూచో మరి, నిలబడతావేం వసారాకి గుంజలా."

కూర్చుంది. ఓజెల్లా గుడ్డ విప్పింది. "అయ్యో దేవుడా! ఏమే, వంటింట్లో ఎలకలు దూరాయా?"

"చెయ్యి లేవడం లేదు, వదినా."

ఓజెల్లా ఇంక హాస్యమాడలేదు. మెల్లగా అంది: "రానివ్వనని ఒట్టేశావుగా."

"వేసింది నేనేగా, తీసేస్తున్నదీ నేనే. త్వరగా కానీ, మనసు మారుతుంది."

చెవుల చుట్టూ, నుదుటి అంచున, మెడమీద వాజలీను దట్టంగా పూసింది ఓజెల్లా. దువ్వెన వీపుతో పాయ పాయకీ కొత్త మొలక మీదే మందు రాసింది. వంటిల్లు ఆఖరికి అట్టిపెట్టింది. అక్కడ రాస్తూ, వంగి అడిగింది:

"మండుతోందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదన్నానా! పొయ్యిలో రొట్టె పెట్టినట్టు క్షణానికోసారి చూస్తావేం?"

"ఆ రోజు చూడలేదు గనక." ఓజెల్లా దువ్వెన ఆగింది. "ఆ రోజు మండలేదా నీకు?"

"మండింది."

"మరెందుకు చెప్పలేదే?"

వెర్నీటా తొట్టివైపు చూస్తూ చెప్పింది. "నువ్వు ఆయన చిన్నప్పటి కబుర్లు చెప్తున్నావు. జొన్నచేలో తప్పిపోయిన సంగతి. నాకెప్పుడూ చెప్పలేదాయన. మండుతోందంటే లేచి కడుగుతావు, కబురు ఆగిపోతుంది. ఇంకాస్త విందామని కూచున్నాను."

దుఃఖానికి వేళాపాళా ఉండకపోవచ్చు. మందుకు ఉంటుంది. "తల వంచు, కడగాలి. ఏడుపు తర్వాత," అంది ఓజెల్లా. ఆ క్రమం ఈసారి తప్పలేదు. మందంతా పోయేదాకా నీళ్లు పోసి, మందు మిగిలుంటే గులాబీరంగు తిరిగే సబ్బు నురగ తెల్లబడేదాకా రుద్ది కడిగి, అప్పుడు ఏడ్చారు ఇద్దరూ.

జుట్టు చుట్టలు చుట్టి యంత్రం కింద కూర్చోబెట్టాక వెర్నీటా అడిగింది: "చివరికి ఎలా దొరికాడు?"

"చెప్పానుగా అప్పుడే!"

"ఎక్కడ చెప్పావ్? సగంలో ఏడుపందుకున్నావు."

యంత్రం హోరుమీదుగా, పక్కింటికి సైతం వినపడేలా అరిచింది ఓజెల్లా: "పొరుగువాడి గాడిద మీద నిద్రపోతూ దొరికాడే! అదే ఇల్లు చేర్చింది!"

యంత్రం కింద వెర్నీటా భుజాలు కదిలాయి. నవ్వో, ఇంకోటో, వెనకనుంచి తెలియలేదు.

చుట్టలు విప్పి దువ్వితే దువ్వెన ఖాళీగా వచ్చింది. ఓజెల్లా మెడ వెనక అద్దం పట్టుకుంది. పదకొండేళ్ల జుట్టు భుజాలమీద చెక్కుచెదరకుండా ఉంది. వంటింట్లో ఒక్క ముడి లేదు. వెర్నీటా ఎడంచేత్తో తడిమి, చాలాసేపు చూసుకుంది.

"ఏమంటావు?"

"పరవాలేదు, వదినా."

మర్నాడు ఆదివారం. చర్చికి వచ్చే పెద్ద ఆడవాళ్లందరిలాగే వెర్నీటా కూడా జుట్టంతా పైకి మడిచి, పిన్నులు గుచ్చి, టోపీ పెట్టుకుంది. పదకొండేళ్ల జుట్టు టోపీలోకి పోయింది, వెనక వరసలకు వంటిల్లొక్కటే కనిపించింది.