అవ్వ గ్లాసులో మందెంత

మొన్న ఇందల్వాయి దాటాక, చేలో పసుపుకొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము నుంచి లేచిన దుమ్ము బస్సు కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగిలింది. తుమ్ముతూనే సుజాత మేడంను తలుచుకున్నాను. నేను నిజామాబాద్‌లో ఫార్మసీ చదివినప్పుడు ఆమె మా టీచరు. బోధన్‌లో చెరకు బండ్ల మధ్య పెరిగిన మనిషి, మాట కూడా చెరకు నరికినట్టే ఉండేది.

అప్పట్లో మూఢనమ్మకం కనబడితే చాలు, నాకు ఒళ్లు మండేది. ధర్పల్లిలో మా పక్కింటి లచ్చవ్వ ఉబ్బసానికి ఇన్‌హేలర్ మానేసి, రోజూ పొద్దున తన ఆవు మూత్రం గ్లాసెడు తాగేది. ఆయాసం తగ్గిందని వాడలో అందరికీ చెప్పింది. ఆవుకూ ఆయాసమే, పశువుల డాక్టరు దానికి థియోఫిలిన్ ఇస్తున్నాడు. మనుషుల ఉబ్బసానికీ వాడే మందే అది. నాకింకేం కావాలి? నలుగురి ముందు నిలబడి, "అవ్వా, మహిమ ఆవుది కాదు. దానికి తాగించిన మందే మూత్రంల వస్తున్నది" అని గర్జించాను.

లచ్చవ్వ ముఖం విప్పారింది. "అట్లనా కొడుకా? మందే అయితే ఇంకేంది! సదువుకున్నోడివి, నువ్వే చెప్తివి. ఇగ గా పీల్చేదాన్ని బొందవెట్టు."

అందరూ నవ్వారు. నేను గెలిచిన వాదం ఆమె ఊపిరి మీదికి తెచ్చింది.

మరునాడు మేడంకు చెప్పాను. ఆమె నవ్వలేదు. "మూత్రంల అంత మందుందని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎలుకల మూత్రంల మందు వస్తదని మీరే చెప్పిండ్రు గద మేడం."

"ఎలుక లెక్క ఆవుకు పెడ్తవా? మందును కాలేయం చానామటుకు మార్చేస్తది. మారకుండ బయటికి పోయేది ఒక్కో జీవిల ఒక్కో తీరు. కొలిచినవా? కొలువకుండనే నమ్మినవు. మరి అవ్వకూ నీకూ తేడా ఏంది?"

చెంప ఛెళ్లుమన్నట్టయింది. కొలిచి చూద్దామని సీసా పట్టుకుని ఆవు వెనక నిలబడ్డాను. అది ఎంతకీ కరుణించలేదు. "నీ ఉపన్యాసానికి ఎదురుసూస్తున్నదేమో, మాట్లాడు కొడుకా" అని లచ్చవ్వ ఎకసెక్కాలు. చివరికి సీసా నిండింది. మేడం ల్యాబులో పక్కన కూర్చుని నా చేతే పరీక్ష చేయించారు. మందు ఉంది. కానీ గ్లాసెడులో ఉన్నది ఒక మోతాదుకు ఏ మూలకూ చాలదు.

"మరి అవ్వకెట్ల తగ్గింది మేడం?"

"నన్నడుగుతవేంది? పోయి అవ్వనడుగు."

అడిగాను. లచ్చవ్వ, "పసుపు పాలిష్ పని అయిపోయె గద. కూలికి పోతలేను" అంది. దుమ్ము ఆగింది, ఆయాసం తగ్గింది. కారణం అదే కావచ్చు. మళ్లీ పసుపు తవ్వే నాటికి చేతిలో ఇన్‌హేలర్ లేకపోతే ఏమవుతుందో తలుచుకుంటేనే భయమేసింది.

ఆ నలుగురి ముందే చెప్పాను. "అవ్వా, ఆనాడు కొలువకుండ చెప్పిన. తప్పైంది. గ్లాసుల మందు నీకు సరిపోయేటంత లేదు. డాక్టరు చెప్పినట్టు ఇన్‌హేలర్ పీల్చు."

ఎవరో ఇకిలించారు. లచ్చవ్వ వాళ్లను కసిరింది. "ఎందుకు నవ్వుతుండ్రు? నలుగుట్ల తప్పైందని ఒప్పుకునేటోడు అబద్ధమెందుకు చెప్తడు?" అని లోపలికి వెళ్లి, పెట్టె అడుగు నుంచి ఇన్‌హేలర్ తీసింది.

ఈనాటికీ వాదిస్తూనే ఉన్నాను, గొంతేమీ తగ్గలేదు. కానీ ఎదుటివాడి వాదం కన్నా ముందు, నాకు బాగా ముద్దొచ్చే నా వాదాన్నే బోనులో నిలబెడతాను. అది మేడం పెట్టిన భిక్ష.